రొయ్యల గుంటకు కాగితాలు తెచ్చుకోవడం: నా అనుభవం

ఇందుకూరుపేట మండలంలో, మైపాడు వైపు, బకింగ్‌హామ్ కాలువకు దగ్గర్లో మాకు రొయ్యల గుంటలున్నాయి. కొన్ని సొంతం, కొన్ని లీజు. అన్నిట్లోనూ వనామి రకం రొయ్యే. ఈ మధ్య తెలిసినవాళ్లు చాలామంది ఫోన్ చేస్తున్నారు. తీరంలో సాగుకు అనుమతిచ్చే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఎలా తెచ్చుకున్నావు, ఎంపెడాలో (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) నమోదు ఎలా చేయించావు, పట్టుబడికి ముందు యాంటీబయాటిక్ టెస్టు చేయిస్తే నిజంగా లాభం ఉందా అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాద్దామనిపించింది. లాభం ఉంది. కానీ రావాల్సినంత రైతు చేతికి రావడం లేదు. రెండూ రాస్తాను.

ముందు ఈ పని ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలి. గట్టు దాటేదాకే రొయ్య మాది. ఏజెంటు తూకం వేసి, ఐస్ కొట్టి, లారీ ఎక్కించాక అది ప్లాంటుకు పోయి ఇంకో పదిమంది సరుకుతో కలిసిపోతుంది. ఎవరి గుంటలో ఏం వాడారో అక్కడ ఎవరికీ తెలియదు. యూరప్ రేవులో ఒక పెట్టెలో యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే ఆ సరుకంతా ఆగిపోతుంది. ఆ దెబ్బ కంపెనీకి, కంపెనీ నుంచి ఏజెంటుకు, ఏజెంటు నుంచి మాకు వస్తుంది. మందు వాడినవాడికీ వాడనివాడికీ ఒకే కోత. 2016లో యూరోపియన్ యూనియన్ మన సాగు రొయ్యల మీద తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అంటే పోయే ప్రతి రెండు సరుకుల్లో ఒకటి అక్కడ ఆపి పరీక్ష చేస్తారు. ఆ వార్త అప్పట్లో మా ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు, రేట్ల మీద దాని బరువు మాత్రం అందరమూ మోశాం. నా సరుకు ఇది, నేను ఇలా పెంచాను అని చూపించుకోవడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలని అప్పటి నుంచీ ఉంది.

మా నాన్న టైగర్ రొయ్య కాలం మనిషి. తొంభైల మొదట్లో నెల్లూరు తీరమంతా గుంటలే. వరి మళ్లు కూడా తవ్వేశారు. 1994-95లో వైరస్ వచ్చి గుంటలకు గుంటలు తెల్లారేసరికి తేలిపోయాయి. ఆ వెంటనే 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, తీరంలో రొయ్యల సాగుకు హద్దులు పెట్టింది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. 2009లో వనామికి అనుమతి వచ్చాక ఈ సాగు మళ్లీ లేచి నిలబడింది. ఈ చట్టం అంటే మా దగ్గర చాలామందికి ఇప్పటికీ భయమే. రిజిస్ట్రేషన్ లేకుండా సాగు చేస్తే మూడేళ్ల దాకా జైలు అని అందులో ఉండేది. 2023లో సవరణ చేసి ఆ జైలు శిక్ష తీసేశారు, జరిమానా పెట్టారు. మంచి పని. జైలు మాట చెప్పి బెదిరిస్తే రైతు ఆఫీసు గడప తొక్కడు, ఇంకా దాక్కుంటాడు.

సముద్రం గానీ, ఏరు గానీ, ఉప్పు కాలువ గానీ పోటు మీద ఎక్కడిదాకా వస్తుందో అక్కడి నుంచి 2 కిలోమీటర్ల లోపల ఉప్పునీటి సాగు చేస్తే ఈ రిజిస్ట్రేషన్ ఉండాలి. దరఖాస్తు మత్స్యశాఖ ద్వారా వెళ్తుంది. కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ చూస్తుంది. ఐదేళ్లకు ఇస్తారు, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. సొంత గుంటలకు నాకు పెద్ద ఇబ్బంది రాలేదు. పాస్‌బుక్, అడంగల్, సర్వే నంబర్ల స్కెచ్, గుంటల కొలతలు, నీళ్లు ఎక్కడి నుంచి తీసుకుంటాం, ఎక్కడికి వదులుతాం. ఇవి ఉంటే ఫైలు కదులుతుంది. మా గ్రామ మత్స్య సహాయకుడు కుర్రాడే అయినా ఓపికగా కూర్చుని ఫారం నింపించాడు.

కష్టమంతా లీజు గుంటల దగ్గర వచ్చింది. మా తీరంలో సాగు చేసేవాళ్లలో సగానికి సగం మంది లీజు రైతులే అనిపిస్తుంది నాకు. లీజంతా నోటిమాట. ఏడాది డబ్బు ముందే కట్టేస్తాం, రసీదు కూడా అడగం. రిజిస్ట్రేషన్‌కు మాత్రం రాసుకున్న లీజు పత్రం కావాలి. ఆ గుంటల భూమి మా నాన్న స్నేహితుడిది. నేను పెదనాన్నా అని పిలుస్తాను, ఆయన చేతుల మీదే పెరిగాను. విషయం చెప్పేసరికి ఆయన ముఖం మారిపోయింది.

"అబ్బయ్యా, నీ మీద నమ్మకం లేక కాదు. భూమి మీద నీ పేరుతో కాగితం పుట్టిందంటే రేపు నా కొడుకులు నన్ను నిలదీస్తారు. నీకేం కావాలో చెప్పు, నా పేరు మీదే తెచ్చుకో."

ఆయన పేరు మీద తెచ్చుకుంటే కార్డు ఆయనది, సాగు నాది. రేపు టెస్టులో ఏదైనా తేడా వస్తే నోటీసు ఆయనకు వస్తుంది. నష్టపరిహారం వచ్చినా, కరెంటు రాయితీ వచ్చినా ఆయనకే పోతుంది. ఇది ఆయనకీ మంచిది కాదు, నాకూ మంచిది కాదు. చివరికి బెంగళూరులో ఉండే ఆయన పెద్దకొడుకు సంక్రాంతికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి చూపించాను. లీజు ఎన్నేళ్లు, గడువు తీరాక భూమి ఎవరిది, మధ్యలో ఎవరు వదులుకోవాలన్నా ఎంత ముందు చెప్పాలి, అన్నీ రాసి ఉన్నాయి. వకీలు దగ్గర ఇంకో వాక్యం కలిపించాం: ఈ రిజిస్ట్రేషన్ సాగుకే గానీ భూమి హక్కుకు సంబంధం లేదని. పెద్దకొడుకు రెండుసార్లు చదివి "ఇది మాకే నయం నాన్నా, ఇప్పుడైనా కాగితం ఉంది" అన్నాడు. అప్పుడు పెదనాన్న సంతకం పెట్టాడు. ఈ మాట ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, రాజధానిలో కూర్చుని ఎగుమతుల పాలసీ రాసేవాళ్లకు ఈ గడప కనిపించదు. లీజు రైతుకు ఒక ప్రామాణికమైన లీజు నమూనా ప్రభుత్వమే ఇచ్చి, దీనివల్ల భూమి పోదని యజమానికి ప్రభుత్వమే చెబితే, మా మండలంలో సగం గుంటలు ఒక్క సీజన్‌లో రికార్డులోకి వస్తాయి.

తనిఖీకి వచ్చినవాళ్లు మొదట అడిగింది వాడిన నీళ్లు ఎక్కడ నిలబెడతావని. వనామికి మురుగునీటిని నిలిపి, తేర్చి వదిలే గుంట ఉండాలి, చిన్న రైతైనా సరే. చుట్టూ కంచె, పీతలు రాకుండా గట్టు చుట్టూ వల, పైన పక్షుల వల, చదరపు మీటరుకు 60 పిల్లలకు మించకుండా సీడ్. అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ నీళ్ల గుంటే. ఉన్నదే కొంచెం, అందులో కొంత భాగం పంట లేకుండా వదలాలి. వదిలాను. పక్క గుంటలో వైట్ స్పాట్ వైరస్ వచ్చినప్పుడు నీళ్లు నేరుగా కాలువలోకి తోసేస్తే, అదే కాలువ నుంచి తోడుకునే మాకందరికీ రెండు మూడు రోజుల్లో అంటుకోవడం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. నియమం సరైనదే. పది మంది రైతులు కలిసి ఒక నీళ్ల గుంట పెట్టుకోవడానికి సాయం చేస్తే భారం పంచుకోవచ్చు.

మధ్యలో ఒక టేబుల్ దగ్గర ఫైలు చాలాకాలం కదలకుండా ఉండిపోయింది. ఏ టేబుల్ అన్నది ఇక్కడ అనవసరం. ఏం తక్కువైందో రాసివ్వమని అర్జీ పెట్టాక కదిలింది. మీకూ అదే చెబుతాను, నోటితో అడగొద్దు, రాసి అడగండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

రిజిస్ట్రేషన్ వచ్చాక ఎంపెడా నమోదు తేలికగా అయిపోయింది. వాళ్లు వచ్చి గుంట గట్టు మీద నిలబడి లొకేషన్ తీసుకున్నారు, నంబరు ఇచ్చారు, క్యూఆర్ కోడ్ ఉన్న కార్డు వచ్చింది. రొయ్య ఎక్కడ పెరిగిందో ఎగుమతిదారుకు చూపించేది ఆ నంబరే. దాని వెనకే పట్టుబడికి ముందు పరీక్ష, అందరూ పీహెచ్‌టీ అంటారు.

ఆ పరీక్ష గురించి చెప్పేముందు మందుల సంగతి చెప్పాలి. 2025 వేసవి పంటలో ఒక గుంటలో రొయ్యలు మేత తగ్గించాయి. మేత తింటున్నాయో లేదో చూసుకునే చెక్ ట్రేలో మేత మిగిలిపోతోంది, నీళ్ల మీద తెల్లటి దారాల్లా మలం తేలుతోంది. మా వాళ్లు వైట్ గట్ అంటారు. ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి ఉన్న గుంటల్లో ఇది తరచూ వస్తుంది, దానికి మందు లేదు. మందుల షాపులో అడిగితే ఒక డబ్బా ఇచ్చాడు. పైన గట్ ప్రోబయాటిక్ అని రంగుల బొమ్మ. లోపల ఏమేం ఉన్నాయో రాయలేదు, బ్యాచ్ నంబరు మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉంది. "మూడు రోజులు మేతలో కలిపి పెట్టండన్నా, ట్రే ఖాళీ అవుతుంది" అన్నాడు. అలాంటి డబ్బాల్లోనే నైట్రోఫ్యూరాన్లు, క్లోరాంఫెనికాల్ లాంటివి ఉండొచ్చు. రెండూ నిషేధం. యాంటీబయాటిక్ లేని సరుకు అని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ సర్టిఫికెట్ ఇచ్చిన ప్రోబయాటిక్‌లు, మినరళ్లు మార్కెట్లో ఉన్నాయి. కొనేముందు ఆ నంబరు చూడండి. నేను ఆ డబ్బా తీసుకోలేదు. మేత తగ్గించాను, అడుగు మురికి లాగించాను, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా ఆపలేదు. కొంత పోయింది, మిగిలింది నిలబడింది. ఆ పది పదిహేను రోజుల టెన్షన్ మా ఇంట్లోవాళ్లకు తెలుసు.

పట్టుబడికి వారం ముందు శాంపిల్ తీయడానికి వచ్చారు. మేం పట్టి ఇచ్చేది కాదు, వాళ్ల ముందే విసురు వల వేయాలి. గుంటకు నాలుగు వైపులా వేయించారు. ఏ వైపు రొయ్య ఆ వైపు విడిగా కాకుండా కలిపి, కడిగి, కవర్లో పోసి, మీద గుంట నంబరు, తేదీ, ఎన్‌రోల్‌మెంట్ నంబరు రాసి సీలు వేశారు. సీలు మీద నా సంతకం, వాళ్ల సంతకం. తర్వాత ఐస్ పెట్టెలో పెట్టారు. ల్యాబ్‌లో ఎలీసా పద్ధతిలో చూస్తారు. ఎంత సన్నగా చూస్తారంటే, నైట్రోఫ్యూరాన్ అవశేషం 0.5 పీపీబీ చేరితే యూరప్ చర్య తీసుకుంటుంది, క్లోరాంఫెనికాల్ అయితే 0.15. పీపీబీ అంటే వంద కోట్ల పాళ్లలో ఒక పాలు. వెయ్యి టన్నుల రొయ్యలో అర గ్రాము నైట్రోఫ్యూరాన్ అవశేషం ఉన్నా పట్టేస్తారు. ఒక్క డబ్బా వాడిన గుంట ఈ లెక్కలో తప్పించుకోలేదు. మా రిపోర్టు క్లియర్‌గా వచ్చింది. ఆ కాగితం చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం రేటు చూసినప్పుడు కూడా ఎప్పుడూ కలగలేదు.

సరిగ్గా అప్పుడే అమెరికా సుంకాలు మీద పడ్డాయి. ఏప్రిల్ 2న 26 శాతం అన్నారు, వారానికే 90 రోజులు ఆపి 10 శాతం ఉంచారు. ఆ వారంలోనే మా దగ్గర పెద్ద సైజు రొయ్య రేటు పడిపోయింది, సుంకం ఆగింది గానీ రేటు వెంటనే పైకి రాలేదు. ఆ తర్వాత ఆగస్టు 7 నుంచి 25 శాతం, ఆగస్టు 27 నుంచి 50 శాతం చేశారు. పాత యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కలిపితే 58 శాతం దాటింది. మనతో పోటీ పడే ఈక్వడార్‌కు అప్పుడు 15 శాతమే. ఆ దేశం అమెరికాకు దగ్గర, అన్ని దేశాలకూ కలిపి ఏటా పది లక్షల టన్నులకు పైగా రొయ్యలు పంపుతుంది, గుంటలో పల్చగా సీడ్ వేసి తక్కువ ఖర్చుతో పెంచుతుంది. మనకు తల్లిరొయ్య కూడా ఎక్కువగా అమెరికా నుంచే రావాలి. చెన్నైలో క్వారంటైన్ చేసి, రొయ్య పిల్లలు తీసే హేచరీలకు ఇస్తారు. 2024-25లో మన దేశం 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. అందులో రొయ్య 7.41 లక్షల టన్నులు, ఆ రొయ్యలో 3.11 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే. అన్ని సంవత్సరాలు ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడ్డాం. ఆ తలుపు మూసుకునేసరికి మైపాడు గట్టు మీద లారీలు ఆగిపోయాయి.

కౌంట్ అంటే కేజీకి తూగే రొయ్యల సంఖ్య. 30, 40 కౌంట్ అమెరికా సరుకు. 100 కౌంట్ ఎక్కువగా చైనాకు పోతుంది. అందుకే చిన్న రొయ్య పట్టినవాళ్లకు దెబ్బ తక్కువ తగిలింది. మాది 40 కౌంట్ దగ్గరుంది. పట్టాల్సిన రోజు దాటితే మేత ఖర్చు రోజురోజుకూ పెరుగుతుంది, వైట్ స్పాట్ వస్తే మొత్తం పోతుంది. ఏజెంటు "ఇవాళ కంపెనీ తీసుకోవడం లేదు, రేపు చూద్దాం" అంటున్నాడు. ఆ సమయంలోనే యూరప్‌కు పంపే ఒక ప్లాంటు పీహెచ్‌టీ ఉన్న సరుకు కోసం వెతుకుతోంది. మా రిపోర్టు నంబరు పంపాను. మరుసటి ఉదయమే ఐస్ లారీ వచ్చింది. తెల్లవారుజామున నీళ్లు దించి, వల లాగి, ఎండ ఎక్కేలోపు లోడు చేసేశాం. పెంకు మెత్తగా ఉన్న రొయ్యను సాఫ్ట్ కింద కొంత తీసేశారు, అది మామూలే. పక్క గుంటల రైతు ఒకాయన, మంచి సాగుదారుడే, కాగితం లేక ఇంకో వారం ఆగి, రొయ్య సైజు పెరిగినా ఇంకా తక్కువకు అమ్ముకున్నాడు. నేను అడిగినప్పుడల్లా "మన గుంటకెందుకబ్బా ఇవన్నీ" అన్న మనిషి ఇప్పుడు తనే అడంగల్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

కాగితం వల్ల నాకు దొరికింది సరుకు ఆగకుండా వెళ్లడం. అది చిన్న విషయం కాదు. కానీ కేజీ రేటు మాత్రం పీహెచ్‌టీ లేనివాళ్లకు చెప్పినదే. నీళ్ల గుంటకు నేను వదులుకున్న నేల, మందు వేయకుండా పోగొట్టుకున్న రొయ్య, కంచె, వలలు, వీటి ఖర్చు నాది. ఆ రిపోర్టు పెట్టి యూరప్‌లో అమ్మినందుకు వచ్చే అదనపు రూపాయిలో నాకు వాటా లేదు. ఇది చాలా అన్యాయం అనిపిస్తోంది నాకు. ప్రపంచ మార్కెట్లో పోటీ పడాలంటే నాణ్యత కావాలని ప్రతి మీటింగులోనూ చెబుతారు. నాణ్యతకు రేటు కట్టకుండా రైతును నాణ్యత తెమ్మంటే ఎన్ని పంటలు తెస్తాడు?

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. ఆక్వా జోన్‌లో ఉన్న గుంటలకు యూనిట్ రూపాయిన్నరకే కరెంటు ఇవ్వడం పెద్ద సాయం, ఏరియేటర్ల బిల్లు చూసినవాళ్లకు తెలుస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏరియేటర్ల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకమైన ఒప్పందంలో రొయ్యకు సుంకం లేకుండా చేశారు, అది ఇంకో తలుపు. 2025 సెప్టెంబర్‌లో యూరోపియన్ యూనియన్ మన ప్లాంట్లలో ఇంకో 102 యూనిట్లకు అనుమతి ఇచ్చింది. ఇవన్నీ మంచివే. కానీ చూడండి, యూరప్, బ్రిటన్ తలుపులు తెరుచుకునేకొద్దీ అక్కడ అడిగేది మొదట ఈ కాగితమే. ప్లాంట్లకు అనుమతులు పెరుగుతున్నాయి, వాటికి సరుకు ఇచ్చే గుంటల్లో ఎన్నిటికి నంబరు ఉందన్నది కింద మా దగ్గర తేలాల్సిన విషయం. రాయితీలు పంట నష్టపోయినప్పుడు ఊపిరి నిలబెడతాయి. రైతు పేరుతో రిజిస్ట్రేషన్, దగ్గర్లో ల్యాబ్, రెండు మూడు రోజుల్లో రిపోర్టు, రిపోర్టుకు రేటు, ఇవి ఉంటే మేం రాయితీ అడిగే అవసరం తగ్గుతుంది.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకు ఒక్క మాట. సీడ్ వేసిన తర్వాత కాగితాల కోసం తిరగొద్దు. గుంట ఎండబెట్టే రోజుల్లోనే లీజు పత్రం రాయించుకోండి, స్కెచ్ తీయించుకోండి. హేచరీ బిల్లు, మేత బిల్లు, మందుల బిల్లు, ఏ రోజు ఏం వేశారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. శాంపిల్ తీయడానికి వచ్చినప్పుడు వాళ్లు ఆ బుక్కు అడుగుతారు. మా ఇంట్లో ఆ పని మా ఆవిడ చూస్తుంది, ఆమె రాత వల్లే నాకు ఏ ప్రశ్నకూ తడుముకోవాల్సి రాలేదు.

వాట్సాప్‌లో రోజూ వచ్చే రేట్ల పట్టికలో కౌంట్‌కు ఒక గడి ఉంటుంది. పీహెచ్‌టీ ఉన్న సరుకుకు పక్కనే ఇంకో గడి పెట్టాలని, ఆ రెండిటి మధ్య తేడా కేజీకి ఎంతో అధికారులు, ఎగుమతిదారులు, రైతులు కూర్చుని తేల్చాలని మా చుట్టుపక్కల రైతులం సంతకాలు చేసి మత్స్యశాఖలో అర్జీ ఇచ్చాం. అందినట్టు ముద్ర వేయించుకున్నాం. లీజు రైతుల సంతకాలే అందులో ఎక్కువ.